రెండు గంటల మగ్గం

ధర్మవరంలో మధ్యాహ్నం రెండు కొట్టేసరికి మగ్గాలన్నీ ఆగిపోతాయి. ఎండ దెబ్బకు కాదు, ఎండకు భయపడేవాళ్ళు ఆ ఊళ్ళో కాపురమే పెట్టరు. రెండు నుంచి నాలుగు దాకా చచ్చినవాళ్ళ వంతు, అంతే. బతికున్నవాళ్ళు ఆ రెండు గంటలూ మగ్గం గుంతలోంచి కాళ్ళు పైకి తీసుకుని, సంగటి తిని, ఓ కునుకు తీస్తారు. ఊరికి పడమట, రైలు కట్టకు అవతల ఉన్న పాత సమాధుల బయల్లో పెద్దలు పని మొదలుపెడతారు. పడమటి గాలి తోలినప్పుడు నేసిన పోగును బిగించే పలకల దెబ్బలు తేరు వీధి దాకా వినబడతాయి. కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు ఒకాయన అదేం చప్పుడని అడిగితే, "మా అబ్బ నేస్తాండాడు సార్" అని చెప్పి టీ కొట్టతను మళ్ళీ గ్లాసులు కడుక్కున్నాడు.

అందులో వింతేముంది? ఆ నేతగాళ్ళ ఆచారం కూర్చోబెట్టి పూడ్చడం. బతికినన్నాళ్ళూ మోకాళ్ళ లోతు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషిని, పోయినాక కాస్త లోతు గుంతలో కూర్చోబెడతారు. అతను వాడిన నాడెను, పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే ఆ కొయ్య నాడెను, చేతిలో పెట్టి మన్ను పోస్తారు. మిగతా మగ్గం అడుగున అతనికి ఎలా అమరుతుందో ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళను మాత్రం గోడ వారగా పడుకోబెట్టి పూడుస్తారు. బతికినన్నాళ్ళూ నడుము వాల్చలేదు కదా, ఇప్పుడన్నా పడుకోనీ అని పెద్దలు చెప్పే మాట. వినడానికి బాగానే ఉంటుంది.

ఇంకో కట్టుబాటు ఉంది, ఈ కథంతా దాని మీదే నడిచింది. పోయిన మనిషి పదకొండో దినంలోపల సమాధిలో నేత మొదలుపెట్టాలి. మొదలుపెడితే మగ్గం అతని ఇంట్లోనే ఉంటుంది. నేతగాళ్ళ సంఘంలో మగ్గం చీటీ ఆ ఇంటి పేరునే సాగుతుంది, పట్టు వస్తుంది, పెళ్ళాం కూలి మనిషిని పెట్టుకుని నేయించుకుంటుంది. మొదలుపెట్టకపోతే మనిషికి మగ్గం మీద మనసు లేదని లెక్క. అప్పుడు మగ్గం ఊడదీసి అన్నదమ్ములకు ఇస్తారు. విని చెప్పే పని లింగప్పది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవితోనే ఊరి పీనుగుల సంగతులన్నీ చూస్తాడు. ఇత్తడి చెంబు ఒకటి సమాధి బండ మీద బోర్లించి, దాని అడుగుకు చెవి ఆనించి వింటాడు. ఆయన "నేస్తాండాడు" అంటే నేస్తున్నట్టు.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలం, వరసగా మూడో ఏడు వాన లేదు. నాగలక్ష్మమ్మ మొగుడు అంజినప్ప నాలుగు రోజులు జ్వరం పడి పోయినాడు. పది దినాలు లింగప్ప రోజూ పోయి విన్నాడు. రోజూ తల అడ్డంగా ఊపుతూ వచ్చాడు.

పదకొండో దినం పొద్దున్నే అంజినప్ప అన్న శ్రీరంగప్ప ఇంటికి వచ్చి, మగ్గం నాలుగు గుంజలనూ చేత్తో తట్టి చూశాడు. అతనికి ఒకే మగ్గం, ఎదిగిన కొడుకులు ఇద్దరు. చెడ్డవాడేం కాదు. కాకపోతే ఎదుటివాడి ఇంట్లో వస్తువును చూస్తే దాన్ని తన ఇంట్లో ఎక్కడ పెట్టాలో కూడా అప్పుడే చూసుకునే రకం.

"నువ్వేం బాధపడొద్దు నాగలక్ష్మీ," అన్నాడు. "మగ్గం నా ఇంటికి వచ్చినా నువ్వూ అమ్మా ఆన్నే ఉందురు. నీకు కూడు పెట్టకుండా పోతానా? కండెలు చుట్టుకుంటా ఉండు."

కండెలంటే నాడెలో పెట్టే దారపు పుల్లలు. రాట్నం తిప్పుతూ వాటికి పట్టు చుట్టడం ఆడవాళ్ళ పని, పిల్లల పని.

"ఇంగా పొద్దు పోలేదు కద బావా," అంది నాగలక్ష్మమ్మ. "ఈ మద్దేనం దాకా దినం ఉండాది. నేనూ వస్తా ఈపొద్దు."

"ఆడోళ్ళు యాలమ్మా ఆడికి?"

"నా మొగుడు ఆడే ఉండాడు కాబట్టి."

శ్రీరంగప్ప సాయం కోసం అమ్మ వైపు చూశాడు. ఆమె, నాగలక్ష్మమ్మ అత్త కదిరమ్మ, గడపలో కూర్చుని తమలపాకు నములుతోంది, కొడుకు వైపు చూడనే లేదు.

ఆ గడపలో కదిరమ్మ తొమ్మిదేళ్ళుగా కూర్చుంటోంది. దాని వెనక సంగతి ఆ ఇంట్లో ముగ్గురికే తెలుసు, ఇప్పుడు ఇద్దరికి. తొమ్మిదేళ్ళ కిందట విషజ్వరం వచ్చి తగ్గినాక అంజినప్ప కుడిచేతికి వణుకు పట్టుకుంది. నాడె వదిలితే పడుగు దాటదు, కిందపడుతుంది. వారం రోజులు చూశాడు, ఎనిమిదో రోజు గుంతలోంచి లేచి గోడకు ఆనుకుని ఏడ్చాడు. నాగలక్ష్మమ్మ తలుపు మూసి, గడియ పెట్టి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి గుంతలోకి దిగింది. పుట్టింట్లో తండ్రి నేస్తుంటే పదేళ్ళు పక్కన కూర్చుని చూసిన పిల్ల ఆమె. మొదటి చీర కొంచెం వంకరగా వచ్చింది. మూడో చీరకు సంఘంలో, "అంజినప్ప చెయ్యి జ్వరం తర్వాత ఇంకా బాగైందే!" అన్నారు.

అప్పటినుంచి ఆమె నేసేది, అతను రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేవాడు. పట్టుకు గాలి తగిలితే పోగు తెగుతుందని చెప్పి తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవాళ్ళు. ఎవరైనా వస్తే గడపలో కదిరమ్మ వాళ్ళ వంశమంతా ఎత్తి తిట్టి పంపేది. వీధిలోకి పలక దెబ్బ, రాట్నం చప్పుడు రెండూ వినబడేవి. ఏది మొగుడిదో ఏది పెళ్ళానిదో ఎవరి లెక్కలు వాళ్ళకు ముందే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సాయంత్రం అరుగు మీదికి వచ్చే ముందు అంజినప్ప చొక్కా మీద నాలుగు జరీ ముక్కలు చల్లుకునేవాడు. ఆ జరీ ముక్కలు చూసినప్పుడల్లా నాగలక్ష్మమ్మకు నవ్వూ దుఃఖమూ కలిసి వచ్చేవి.

పోయే ముందు రోజు ఆమె చెయ్యి తన వణికే చేతిలోకి తీసుకుని, "నా చెయ్యి పడిపోయిందని నీ నోటితో చెప్పొద్దు మే," అన్నాడు. ఆమె ఒట్టు పెట్టింది. మర్నాడు కులపెద్దలు వచ్చి మగ్గం మీదున్న నాడె తీసి అతని చేతిలో పెట్టారు. అది ఆమె బొటనవేలికి అరిగిన నాడె. ఇది నాది అనడానికి నోరు లేదు, ఒట్టు ఉంది. అతను దాన్ని పట్టుకుని కిందికి పోయి పది దినాలుగా గమ్మున కూర్చున్నాడు. పాపం, ఏం చేస్తాడు? పై లోకంలో రాని పని కింద వస్తుందా?

రెండు కొట్టకముందే నలుగురూ రైలు కట్ట దాటారు. ముందు చెంబు పట్టుకుని లింగప్ప, వెనక శ్రీరంగప్ప, పది అడుగుల దూరంలో అత్తాకోడళ్ళు. కంచె పక్కన జిల్లేడు తప్ప పచ్చనిది లేదు. బండలన్నీ ఎండకు కాలుతున్నాయి. నాగలక్ష్మమ్మ అంత లోపలికి ఎప్పుడూ రాలేదు. ఆడవాళ్ళను గేటు దాకానే రానిస్తారు, ఆ పూట మాత్రం లింగప్ప చూసీచూడనట్టు ఊరుకున్నాడు.

రెండు కాగానే బయలంతా ఒక్కసారి కదిలింది. టకటక, టకటక అని ముందు పాత వరసలో మొదలైంది. పాలెగాళ్ళ కాలంలో పోయినవాళ్ళు, వాళ్ళ బండల మీద పేరు లేదు, చెక్కిన నాడె బొమ్మ ఒక్కటే. లింగప్ప నడుస్తూనే, సొంత పొలం చూపించే రైతు మాదిరి, ఒక్కొక్కరినీ చూపించాడు.

"ఇది పెద్ద ఎర్రప్ప. పోగు తెగితే బూతులు తిట్టేవాడు. ఇప్పుడు సూడు, ఆగినాడు, తిడతాండాడు. ఇది ఓబన్న. బతికినప్పుడూ సోమరే, మూడున్నరకు గాని లెయ్యడు. ఈ ఇద్దరూ అన్నదమ్ములు, ఒకరి దెబ్బతో ఒకరు పోటీ. వాళ్ళ మధ్య తగాదా ఇంగా తీరలేదు."

ధాత కరువు వరస దగ్గర మాత్రం ఆయన మాట తగ్గించాడు. అక్కడ పలక దెబ్బ బోలుగా ఉంది. నూలు దొరకని కాలంలో ఆకలికి పోయినవాళ్ళు, ఉత్త పలకే వేస్తున్నారు. నూరేళ్ళ పైనైంది. ఒక్కరోజు మానలేదు. గంజి నీళ్ళు కూడా లేకుండా పోయినవాళ్ళు చెయ్యి ఆపకుండా ఉంటే, తను తలుపు చాటున తొమ్మిదేళ్ళు నేసి, చివరికి ఎవరింట్లోనో కండెలు చుట్టుకుంటూ తల వంచుకు బతకాలా అనుకుంది నాగలక్ష్మమ్మ.

"మీరిద్దరూ ఆ గోడ కాడ కూర్చోండమ్మా," అన్నాడు లింగప్ప. "వినేకాడికి ఆడోళ్ళు రాగూడదు."

ఆడవాళ్ళ సమాధులు గోడ వారగా చిన్నచిన్న బండలు. లింగప్ప చెంబు అటు వైపు ఎప్పుడూ పోలేదు. లింగప్పకు ముందు ఆ పని చేసిన వాళ్ళ నాయన చెంబు కూడా పోలేదు. పడుకున్నవాళ్ళ దగ్గర వినేదేముంది? కదిరమ్మ తన అత్త లక్ష్మీనరసమ్మ బండ మీద చతికిలబడి ఆయాసం తీర్చుకుంది. నాగలక్ష్మమ్మ పక్కన కూర్చుని, కాలే బండ మీద అరచెయ్యి ఆనించింది.

బండ సన్నగా అదురుతోంది.

ఆమె చెయ్యి తీసి, మళ్ళీ పెట్టింది. చెవి ఆనించింది. బుగ్గ కాలింది, కాలనీ అనుకుంది. గిర్రు, గిర్రు, గిర్రు. రాట్నం! లేచి పక్క బండ దగ్గర విన్నది. అక్కడ ఎవరో పడుగు దారాలు బారుగా సాపుతూ కాళ్ళీడుస్తూ అటూ ఇటూ నడుస్తున్నారు. ఇంకో బండ కింద దారానికి గంజి పట్టించే కుంచె చప్పుడు. ఆ చివర గోడ మూలన మళ్ళీ రాట్నం, దాని మీద సన్నగా కూనిరాగం.

"అత్తా, నీ అత్త కండెలు చుడతాండాది, విను!"

కదిరమ్మ వంగి విన్నది. విని బండ మీద చేత్తో ఒక్కటి చరిచింది. "పడుకోబెట్టినాము, పడుకోబెట్టినాము అని చెప్పిరి కదే ఈ మొగోళ్ళు! యాడ పడుకునింది ఇది? చచ్చి ముప్పై ఏండ్లాయ, ఇంగా చుడతానే ఉండాది!" అని ముక్కు చీదింది. అత్తతో జీవితమంతా కొట్లాడిన మనిషి, ఆ పూట అత్త బండ మీద పడ్డ దుమ్ము కొంగుతో తుడిచింది.

చేతిలో ఏం పెట్టి పూడ్చినా, ఎలా పూడ్చినా, ఇక్కడ మనిషి బతికినప్పుడు చేసిన పనే చేస్తాడు. అది నాగలక్ష్మమ్మకు అర్థమైంది. ఆ వెంటనే అంజినప్ప ఏం చేస్తుంటాడో కూడా అర్థమైంది. పది దినాలుగా లింగప్ప పలక దెబ్బ కోసమే విన్నాడు. అన్ని మగ్గాల మోతలో రాట్నం ఆయన ఒంటిచెవికి ఏం ఆనుతుంది?

చెబితే మగ్గం నిలుస్తుంది. చెబితే మొగుడి పరువు పోతుంది. ఒట్టు గుర్తొచ్చింది. కాసేపు ఆ రాట్నాల మధ్య నిలబడింది. ఇంతమంది ఆడవాళ్ళు ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నారు, ఇదేమన్నా దొంగతనమా? కండె లేకపోతే నాడె ఎక్కడిది, చీర ఎక్కడిది? పెళ్ళాం నేస్తుంటే మొగుడు కండె చుట్టి ఇస్తే తక్కువైపోయే పరువు ఏం పరువు? ఆయన సిగ్గుపడ్డాడు సరే. తను ఎందుకు సిగ్గుపడాలి, ఆయన తరఫున?

మూడున్నర దాటినాక అవతల లింగప్ప చెంబు తీసి లేచాడు. మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. "ఏమీ లేదప్పా శ్రీరంగప్పా. దినం తీరిపోయింది. మగ్గం నీదే."

శ్రీరంగప్ప రెడీగా తెచ్చుకున్న కాయితం జేబులోంచి తీశాడు. వేలిముద్రకు సిరాదిండు కూడా తెచ్చుకున్నాడు. ముందుచూపు గల మనిషి.

నాగలక్ష్మమ్మ మగవాళ్ళ వరసలు దాటుకుంటూ నేరుగా వచ్చింది. లింగప్ప వద్దు వద్దని చెయ్యి అడ్డం పెట్టేలోగానే మొగుడి సమాధి పక్కన నిలబడింది.

"నేను వేలు పెట్టను."

"అట్లంటే ఎట్లమ్మా? కట్టుబాటు కద," అన్నాడు శ్రీరంగప్ప.

"కట్టుబాటు ప్రకారమే అడుగుతాండా. మామా, ఇంగొక్కసారి విను. పలక దెబ్బ కోసం వినొద్దు. రాట్నం కోసం విను."

"మొగోని సమాధిలో రాట్నమేందే?" లింగప్ప తెల్లబోయాడు.

"నేనేం చెప్పను. చెప్పనని ఒట్టు పెట్టినా. ఆయన్నే చెప్పమను."

లింగప్ప ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత కదిరమ్మ వైపు చూశాడు. ఆ ముసలామె కూడా వరసలు దాటుకుని రొప్పుతూ వచ్చింది. ఎందుకో ఆయనకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు. మళ్ళీ మోకాళ్ళ మీద కూలబడి చెంబు బోర్లించి, చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు కదల్లేదు. చెమట ముక్కు మీదుగా కారి చెంబు మీద పడింది.

"ఉండాది," అన్నాడు చివరికి, గుసగుసగా. "గిర్రు, గిర్రు... నిలిచింది. మళ్ళా. గిర్రు, గిర్రు... నిలిచింది."

కదిరమ్మ ఆయన్ని పక్కకు తోసి తనే చెవి పెట్టింది. మూడు చుట్లకు ఒకసారి ఆగడం, వణికే చేతిని మోకాలికి అదిమి మళ్ళీ మొదలుపెట్టడం, అన్నీ ఆమె ఎరిగినవే. ఇరుసుకు ఆముదం వెయ్యరా అని తొమ్మిదేళ్ళు మొత్తుకున్నా వినలేదు, ఆ కిర్రు కూడా అట్లాగే ఉంది.

"నా కొడుకే!" అని బండను కావలించుకుని ఏడ్చింది. "నా కొడుకే చుడతాండాడు. వాని చేతికి వణుకప్పా, లింగప్పా! తొమ్మిదేండ్లు నా కోడలు నేసింది, వాడు చుట్టినాడు. నేను గడపలో కూర్చుని లోకాన్ని తిట్టినా! నాకేం ఒట్టు లేదు, నేను చెప్తా."

చుట్టూ పలకలు టకటకా ఆడుతూనే ఉన్నాయి. శ్రీరంగప్ప ముందు తేరుకున్నాడు.

"అయితే వాడు నేయలేదనే కద లెక్క? సమాధిలో నేత లేదు. మగ్గం నాదే కావల్ల."

లింగప్ప లేచి నిలబడ్డాడు. ఆయనకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పడం కష్టం. బహుశా తన చెంబు మీదే. "తొమ్మిదేండ్లు ఆ ఇంటి నుంచి వచ్చిన చీరలు యాడివప్పా, మగ్గమే వాటంతట అది నేసిందా? 'మా తమ్ముని అంచు మాదిరి అనంతపురం జిల్లాలో ఎవురూ వెయ్యలేరు' అని నువ్వే కద సంఘంలో రొమ్ము గుద్దుకున్నావు. ఆ అంచు వేసిన చెయ్యి ఇదిగో నీ ఎదర ఉండాది. మగ్గం నేసిన చేతిది. పో, కాయితం మడిచి పెట్టుకో."

శ్రీరంగప్ప మరదలి చెయ్యి వైపు చూశాడు. బొటనవేలి పక్కన నాడె ఒరిసిన కాయ నల్లగా ఉంది. ఇన్నేళ్ళుగా ఆ చేత్తో వడ్డించిన అన్నం తిన్నాడు, ఆ కాయను ఒక్కసారి చూడలేదు. కాయితం మడిచాడు. "ఆ అంచు నా పెద్దోనికి నేర్పుతావా?" అన్నాడు కాసేపటికి, నేల చూస్తూ.

"పంపు. తలుపు తెరిచే ఉంటాది," అంది నాగలక్ష్మమ్మ.

వెళ్ళబోతూ ఆమె లింగప్ప వైపు తిరిగింది. "ఇంగో మాట మామా. నేను పోయినప్పుడు ఆ గోడ కాడ పడుకోబెట్టినారంటే లేచొచ్చి అడుగుతా. ఈడ, ఈయన పక్కన, కూర్చోబెట్టండి. ఆయన చేతిలో పెట్టిన నాడె నాది. నా చేతికియ్యండి."

"నాకంటే ముందు పోతావా నువ్వు?" అని గొణిగాడు లింగప్ప. కాదని మాత్రం అనలేదు. వాళ్ళు వెళ్ళినాక చెంబు చంకన పెట్టుకుని, గోడ వైపు నడిచి, మొదటి చిన్న బండ దగ్గర వంగాడు. అది వాళ్ళమ్మది.

మర్నాడు మధ్యాహ్నం రెండు కొట్టింది. వీధిలో మగ్గాలన్నీ ఆగాయి. నాగలక్ష్మమ్మ వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, కుచ్చెళ్ళు దోపి, గుంతలోకి కాళ్ళు దించింది. కొత్త నాడె ఇంకా చేతికి అలవాటు కాలేదు, గరుగ్గా ఉంది. అయినా వదిలింది. పలక దెబ్బకు వీధి వీధంతా ఉలిక్కిపడి లేచింది.

లింగప్ప పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏమ్మే, ఇది పెద్దల వంతు కద! నాలుగు దాకా ఎవురూ మగ్గం ముట్టగూడదు!"

"నాకు కండెలు చుట్టే మనిషి ఇప్పుడే కద మామా పనిలో ఉండేది," అంది నాగలక్ష్మమ్మ నాడె ఆపకుండా. "ఆయన ఆడ చుడతాంటే, నేను ఈడ ఉత్తనే కూర్చుందునా?"

పడమటి గాలి తోలుతోంది. గడపలో కూర్చున్న కదిరమ్మ ఆయనకు చోటిస్తూ పక్కకు జరిగింది.

"కూర్చో లింగప్పా. నీ నీడ పడుగు మీద పడతాండాది."

ఆయన కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం ఆ వీధిలో ఎవరికీ కునుకు పట్టలేదు. పట్టకపోతే పోనీ.